అమ్మ మీద చిన్న పుస్తకం: సంవత్సరీకం లోపు ఎలా తయారు చేసుకోవాలి

అమ్మ పోయినప్పుడు పెద్దకర్మ కార్డు కొట్టించడానికి ప్రెస్సుకి వెళ్తే, అక్కడి కుర్రాడు కంప్యూటర్‌లో ఒక ఫైలు తెరిచి చూపించాడు. పాతిక మ్యాటర్లు రెడీగా ఉన్నాయి. "అనురాగమూర్తి", "త్యాగశీలి", "మా ఇంటి దీపం". ఫొటో, పేరు, తేదీ మారిస్తే చాలు. నేనూ మూడో నంబరు మ్యాటరు ఎంచుకుని వచ్చేశాను. అప్పుడు అంతకు మించి ఓపిక లేదు. నెల తర్వాత బీరువాలో ఆ కార్డు కనబడితే చదివాను. మా వీధిలో ఏ అమ్మ ఫొటో పెట్టినా ఆ నాలుగు లైన్లూ సరిపోతాయి.

ఆ తర్వాత పది నెలలు పట్టి 64 పేజీల పుస్తకం వేసుకున్నాం. సంవత్సరీకానికి వచ్చినవాళ్ల చేతుల్లో పెట్టాం. అదెలా చేశామో, ఎక్కడ బోల్తా పడ్డామో వరసగా చెప్తాను. మీ ఇంట్లో ఆ రోజుని సంవత్సరీకం అన్నా, జ్ఞాపకార్థ కూడిక అన్నా పని ఒకటే. రచయిత కానక్కర్లేదు. నేను కాదు.

ముందు ఆవిడ ఫోను జాగ్రత్త

దీన్ని మొదట ఎందుకు చెప్తున్నానంటే, దీనికి గడువు ఉంది. అమ్మ సిమ్ము రీఛార్జి చేస్తూ ఉండండి. దాదాపు మూడు నెలలు వాడకుండా వదిలేస్తే కంపెనీ నంబరు తీసేసి ఇంకొకరికి ఇవ్వొచ్చు. వాట్సాప్ అయితే 120 రోజులు కదలిక లేని ఖాతాలను తీసేస్తుంది. మనవడికి ఆన్‌లైన్ క్లాసులకి పనికొస్తుందని ఫోను ఫార్మాట్ కొట్టి ఇచ్చేయడం చాలా ఇళ్లలో జరిగేదే. అది ఒక్క నెల ఆపండి.

ముందు వాయిస్ మెసేజ్‌లు తీయండి. ఆండ్రాయిడ్ ఫోనైతే వాట్సాప్ మీడియా ఫోల్డర్ లోపల వాయిస్ నోట్స్ అని విడిగా ఉంటాయి. ఫోల్డర్ మొత్తం కాపీ చేసి రెండు చోట్ల దాచండి, ఒకటి పెన్ డ్రైవ్, ఒకటి ఇంకెవరి కంప్యూటరైనా. అన్నీ అప్పుడే వినక్కర్లేదు. నేను నాలుగు నెలలు వినలేదు.

తర్వాత కాల్ లిస్టు చూడండి. మా అమ్మ ఫోనులో రోజూ మధ్యాహ్నం మూడింటికి ఒకే నంబరుకి కాల్ ఉంది. మాలో ఎవరికీ తెలియని నంబరు. చేస్తే తెనాలి నుంచి ఒక పెద్దావిడ ఎత్తింది. అమ్మతో ఐదో తరగతి దాకా కలిసి చదివిందట. "రోజూ ఈ టైముకి మోగేది, వారం నుంచి మోగట్లేదు, నాకు అర్థమైపోయింది బాబూ" అంది. పుస్తకంలో అమ్మ పెళ్లికి ముందు సంగతులన్నీ దాదాపు ఆవిడ చెప్పినవే.

దినాలు అయ్యేలోపు రాత్రిళ్లు రికార్డు చేయండి

చుట్టాలందరూ మళ్లీ అలా ఒక్క చోట చేరరు. ఆ పది రోజుల్లో పగలంతా పనులు, వచ్చేపోయేవాళ్లు. రాత్రి భోజనాలయ్యాక చాపలు పరిచాక అసలు మాటలు బయటికొస్తాయి. ఒకరు మొదలెడితే ఇంకొకరు "కాదు కాదు, అప్పటికి నువ్వు పుట్టలేదు" అని అందుకుంటారు. ఫోనులో రికార్డర్ ఆన్ చేసి, "అత్తయ్యా, రికార్డు చేస్తున్నా, పర్లేదా" అని ఒక్క మాట అడిగి, మధ్యలో పెట్టేయండి. ఫ్యాను కింద పెట్టకండి, గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడదు. స్టీలు పళ్లెం మీద అసలే వద్దు.

ఫైలుకి వెంటనే పేరు పెట్టండి: తేదీ, ఎవరు మాట్లాడారు, దేని గురించి. ఇది చేయకపోతే ఆర్నెల్ల తర్వాత నలభై ఫైళ్లు ముందేసుకుని ఏది ఎవరిదో తెలియక తల పట్టుకుంటారు. నేను పట్టుకున్నాను.

మొత్తం రాసుకోవడం పెద్ద పని. ఫోనులో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది కదా, రికార్డింగు వింటూ మీరే మళ్లీ పలికితే టైపు అయిపోతుంది. నేరుగా రికార్డింగు వినిపిస్తే మాత్రం పెద్దవాళ్ల యాసని అది సగం మింగేస్తుంది.

"ఎలాంటి మనిషి" అని అడగొద్దు

ఆ ప్రశ్నకి అందరూ ప్రెస్సులో ఉన్న మూడో నంబరు మ్యాటరే చెప్తారు. దేవత, ఓర్పు, ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. వాళ్ల తప్పు కాదు, అలా అడిగితే నోటికి అవే వస్తాయి. చేతులు, వస్తువులు, వేళలు అడగండి.

నిద్ర లేవగానే మొదట ఏం చేసేది? డబ్బు ఎక్కడ దాచేది? కోపం వస్తే ఎలా తెలిసేది? ఎవరి ఇంటికి వెళ్లడం ఇష్టం ఉండేది కాదు? బస్సులో ఎక్కడ కూర్చునేది? ఎవరి మాట వింటే నవ్వాపుకోలేకపోయేది? ఒంట్లో బాగా లేనప్పుడు ఎవరికి చెప్పేది? పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకునేది?

కోపం ప్రశ్నకి మా ఇంట్లో ఐదుగురు ఒకే జవాబు చెప్పారు: గిన్నెలు. కోపం ఉన్న రోజు అంట్లు తోముతుంటే వీధి గుమ్మం దాకా వినబడేది. పల్లెత్తు మాట అనని ఆవిడ సంగతి ఇదీ.

ఇంకొకటి అడిగాను. అమ్మకి ఏ కూర ఇష్టం అని. పెద్దన్నయ్య గుత్తివంకాయ అన్నాడు, నేనూ అదే అనుకున్నాను, ఆదివారం ఆదివారం చేసేది కదా. పిన్ని ఒక్క క్షణం మా ఇద్దరి మొహాలూ చూసింది. "మీ అమ్మకి వంకాయ పడదురా. దురదలొస్తాయి. చిన్నప్పట్నుంచీ అంతే." నలభై ఏళ్లు ఆవిడ చేసిన గుత్తివంకాయ తిన్నాం. ఆ పూట ఆవిడ కంచంలో ఏముందో ఒక్కరమూ చూడలేదు. ఆ ముక్క ఉన్నదున్నట్టు పుస్తకంలో వేశాం, పక్కన ఏ వ్యాఖ్యానమూ లేకుండా.

మీ అమ్మగారు ఇప్పుడు ఉన్నారా? అయితే ఇవే ప్రశ్నలు ఆవిడనే అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూలా కాదు. చింతపండు గింజలు తీస్తున్నప్పుడో, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడో మీరూ ఒక గుప్పెడు ముందేసుకుని అడగండి. చేతికి పని ఉంటే మాట దానంతటదే వస్తుంది.

పుట్టిన తేదీ తేల్చడం

ఇది అనుకున్నంత చిన్న పని కాదు. మన పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో పుట్టిన రోజు జనవరి 1 అని ఉంటుంది. నమోదు చేసేటప్పుడు వయసు మాత్రమే చెప్పినవాళ్లకి అలా పడిపోయింది. బడి సర్టిఫికెట్ ఉన్నా నమ్మడానికి లేదు, మేష్టారు బడిలో వేసుకోవడానికి వీలుగా ఏదో ఒక తేదీ రాసేసేవారు.

పెద్దవాళ్లకి తారీఖులు గుర్తుండవు గానీ సంఘటనలు గుర్తుంటాయి. కాబట్టి "ఏ సంవత్సరం" అని కాకుండా "దేనికి ముందు, దేనికి తర్వాత" అని అడగాలి. ఒక కాగితం మీద ఈ గుర్తులు రాసిపెట్టుకోండి:

1948 సెప్టెంబరు పోలీసు చర్య (తెలంగాణ వాళ్లకి ఇది పెద్ద గుర్తు). 1953 అక్టోబరు 1 ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1 ఆంధ్రప్రదేశ్. 1962 ఫిబ్రవరి అష్టగ్రహ కూటమి, లోకం మునిగిపోతుందని ఊరూరా భజనలు చేసిన రోజులు. 1967లో సాగర్ కాలవలకి నీళ్లు వదలడం. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. 1979 జులై స్కైలాబ్, ఆ అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని జనం భయపడ్డ రోజులు. 1983 జనవరి ఎన్టీఆర్ ముఖ్యమంత్రి కావడం. 1986 ఆగస్టు గోదావరి వరద. 1987లో టీవీలో రామాయణం మొదలవడం.

పుష్కరాలు ఇంకా బాగా పనికొస్తాయి, పన్నెండేళ్లకోసారి కాబట్టి. గోదావరికి 1967, 1979, 1991, 2003, 2015. కృష్ణకి ఒక ఏడాది తర్వాత: 1968, 1980, 1992, 2004, 2016. "పుష్కరాలకి వెళ్లినప్పుడు చెల్లి చంకలో ఉంది" అని ఎవరైనా అంటే ఏ నది, ఏ రేవు అని అడిగితే సంవత్సరం దొరికినట్టే.

ఇక తెలుగు సంవత్సరాల పేర్లు. అరవై ఏళ్లకి ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది. 2009 ఉగాదికి వచ్చింది విరోధి, అంటే 1949 ఉగాదికి వచ్చిందీ విరోధే. మా అమ్మ ఆధార్ కార్డులో 1-1-1952 ఉంది. మా పెద్దమ్మ మాత్రం "విరోధిలో పుట్టింది, వరలక్ష్మీ వ్రతం వెళ్లిన మర్నాడు. మా అమ్మకి నెలలు నిండి ఉంటే పేరంటం నేను పిలిచాను" అంది. అంటే 1949 ఆగస్టు మొదటి వారం. ఆధార్ లెక్క కంటే రెండేళ్లకు పైగా పెద్దది. పుస్తకంలో పెద్దమ్మ చెప్పిందే వేశాం, ఎవరు చెప్పారో కూడా రాశాం. మీరూ అలాగే చేయండి. తేలకపోతే "సుమారు" అని రాయండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఉప్పెన గురించి మా ఇంట్లో ఒక పేజీ వచ్చింది. మాది రేపల్లె వైపు. ఆ శనివారం రాత్రి గాలికి వసారా కప్పు లేచిపోతే అమ్మ ఇద్దరు పిల్లల్నీ బియ్యం గాదె పక్కన కూర్చోబెట్టి, తలుపుకి తన వీపు ఆనించి తెల్లారేదాకా నిలబడిందట. ఆ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. ఆ సంగతి అమ్మ మాకెప్పుడూ చెప్పలేదు, మా బాబాయి చెప్పాడు. అమ్మ దగ్గర విన్నది ఒక్కటే, ఆ ఏడు విత్తనం వడ్లు తడిసి మొలకలొచ్చేశాయని.

పేరు పూర్తిగా రాయండి

మొదటి పేజీలోనే పుట్టింటి ఇంటిపేరు ఉండాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిపోతుంది, కొందరికి అత్తవారింట్లో అసలు పేరే మార్చేశారు, ఒకే పేరుతో ఇంట్లో ఇంకొకరు ఉన్నారనో, అత్తగారి పేరు కలిసిందనో. మనవలకి అమ్మమ్మ పుట్టింటివారి ఇంటిపేరు తెలుసా అని అడిగి చూడండి. మా ఇంట్లో తొమ్మిది మందిలో ఇద్దరికి తెలుసు. రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, డ్వాక్రా పొదుపు పుస్తకం, ఓటరు కార్డు, అన్నీ ఒక చోట పెట్టి చూస్తే ఆవిడ పేరు నాలుగు రకాలుగా ఉంటుంది. సంతకం ఉన్న కాగితం దొరికితే స్కాన్ చేసి వేయండి. డ్వాక్రా పుస్తకంలో అమ్మ చేసిన సంతకం మా అట్ట మీద వేశాం.

ఫొటోలు

పాత ఆల్బమ్‌లలో జిగురు పేజీకి అతుక్కున్న ఫొటోల్ని పీకకండి, పైపొర ఊడొస్తుంది. ఆల్బమ్‌ని అలాగే తీసుకెళ్లి పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడని వసారాలో పెట్టి, ఫ్లాష్ లేకుండా ఫోనుతో తీయండి. విడిగా ఉన్నవైతే స్కానర్‌లో 600 డీపీఐ పెట్టించండి. వెనకాల పేర్లు రాసేటప్పుడు బాల్ పెన్ను వద్దు, అచ్చు ముందుకు దిగుతుంది. మెత్తటి పెన్సిలు వాడండి.

ప్రతి ఫొటోకీ ఎడమ నుంచి కుడికి పేర్లు రాయించండి. ఈ పని ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లతో, ఈ వారమే.

ఇక్కడే నేను తప్పు చేశాను. అమ్మకి చిన్నప్పుడు స్ఫోటకం వచ్చి ఎడమ చెంప మీద మూడు నాలుగు గుంటలు ఉండేవి. అట్ట మీద వేసే ఫొటోని "కాస్త క్లియర్ చేయండి" అని ఒక స్టూడియోలో ఇచ్చాను. తిరిగొచ్చిన ఫొటోలో గుంటల్లేవు, రంగు నాలుగు పిసరులు తేలింది, ముక్కుపుడక సగం చెరిగిపోయింది. మా చెల్లెలి కూతురు చూసి "ఈవిడెవరు" అంది. అసలు ఫొటో దాచుకోబట్టి బతికిపోయాం. దుమ్ము, గీతలు తుడవమని చెప్పండి, మొహం జోలికి వెళ్లొద్దని కాగితం మీద రాసివ్వండి. నలుపు తెలుపు ఫొటోలకి రంగులద్దే యాప్‌లు కూడా అంతే. అమ్మ పెళ్లి చీర వంగపండు రంగుదని పిన్ని చెప్పింది, యాప్ దాన్ని ఆకుపచ్చ చేసింది.

"గుప్పెడు" ఎంత

వంటలు లేకుండా అమ్మ పుస్తకం ఉండదు, కానీ వంటల పుస్తకం చేయకండి. రెండో మూడో చాలు, ఇంట్లో ఇంకెవరికీ కుదరనివి.

చిక్కంతా కొలతల్లో ఉంటుంది. అమ్మకి సోల, తవ్వ, గిద్దె తెలుసు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు మానిక. వీటికన్నా కష్టం "గుప్పెడు", "చారెడు", "కంటికి ఆనినంత". మేం ఏం చేశామంటే, అమ్మ చేతి వంట బాగా తెలిసిన మా వదినని నిలబెట్టి, కింద కిచెన్ తూకం పెట్టాం. "అత్తయ్య ఎంత ఉప్పు తీసేదో అంత తియ్యి" అన్నాం. వదిన తీసింది. పిన్నీ తీసింది. ఇద్దరి మధ్య పదకొండు గ్రాముల తేడా. కాసేపు వాదన నడిచింది, చివరికి అమ్మ చెయ్యి చిన్నదని, గాజులు పెట్టుకునేటప్పుడు రెండుంపావు సైజు పట్టేదని వదిన గుర్తు చేసింది. పుస్తకంలో తక్కువ లెక్కే వేశాం.

ఆవకాయకి అమ్మ వాడిన గిన్నె ఉంటే దాన్ని నీళ్లతో నింపి, ఆ నీళ్లని కొలవండి. ఆ గిన్నె అంటే ఎన్ని మిల్లీలీటర్లో తెలిసిపోతుంది, ఇక మనవరాలు ఏ దేశంలో ఉన్నా పెట్టుకోగలదు.

అధ్యాయాలు వరసల ప్రకారం

పుట్టుక, పెళ్లి, పిల్లలు, మరణం అని వరసగా రాస్తే పుస్తకం బయోడేటాలా తయారవుతుంది. మేం ఆవిణ్ణి ఎవరు ఏమని పిలిచారో ఆ పిలుపులే అధ్యాయాలు చేశాం. అక్క (పిన్ని చెప్పినవి), వదిన (మేనత్తలు చెప్పినవి), కోడలుపిల్ల, అమ్మ, అత్తయ్య, అమ్మమ్మ, మామ్మ. మీ వైపు జేజి అంటారో, నానమ్మ అంటారో, బాపమ్మ అంటారో, అదే పెట్టండి.

దీనితో ఒక తమాషా జరిగింది. "అమ్మ" అధ్యాయంలో ఉన్నావిడ, "అమ్మమ్మ" అధ్యాయంలో ఉన్నావిడ ఒకరు కాదు. మేం చీకటి పడ్డాక వీధిలోకి అడుగు పెడితే వీపు మీద దెబ్బ పడేది. మనవలకి రాత్రి పదింటికి ఐస్ బండి ఆపి కొనిపెట్టింది. నా కొడుకు రాసిన పేజీ చదివి మా అన్నయ్య, "మనకి ఈవిడ ఎప్పుడు దొరికిందిరా" అన్నాడు.

మనవల చేత తప్పకుండా రాయించండి. ఇంగ్లీషు మీడియం పిల్లలకి తెలుగు రాయడం రాకపోతే చెప్పించుకుని మీరు రాయండి, వాళ్ల మాటని పెద్దమనిషి భాషలోకి దిద్దకండి. "అమ్మమ్మ ఫోన్ చేస్తే ఫస్ట్ తిన్నావా, సెకండ్ ఎప్పుడొస్తావ్" అని మా మేనకోడలు చెప్పింది, అలాగే వేశాం.

ఏది వేయాలి, ఏది వదలాలి

పొలం పంపకాల గొడవ వదిలేయండి. అది అమ్మ కథ కాదు, మన కథ. ఆవిడ పడ్డ కష్టం మాత్రం కత్తిరించకండి. అత్తగారు మొదటి ఐదేళ్లు పుట్టింటికి పంపలేదన్నది నిజమైతే రాయండి. ఆ అత్తగారి కూతుళ్లకి ముందు చదివి వినిపించండి. మా పెద్ద మేనత్త విని చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "నాన్న పంపుదామన్నాడు, అమ్మే వద్దంది, అది కూడా రాయి" అంది.

ఇంకో మాట. ముందుమాటకని ఎమ్మెల్యే గారి దగ్గరికో, ఊళ్లో కవి గారి దగ్గరికో వెళ్లకండి. అమ్మని చూడనివాళ్ల సందేశం పేజీ దండగ.

ప్రెస్సు దగ్గర

డెమీ సైజులో (మామూలు నవల సైజు) ఒక ఫారం, అంటే ఒక పెద్ద షీటు మీద అచ్చయ్యేవి, 16 పేజీలు. అందుకని 32, 48, 64 ఇలా లెక్క వేసుకోండి. 61 పేజీల మ్యాటరుకీ 64 పేజీల ఖర్చే, మిగిలిన మూడూ ఖాళీగా వదిలేయొచ్చు, వాటి ఉపయోగం తర్వాత చెప్తాను. లోపల 70 జీఎస్‌ఎం (కాగితం బరువు లెక్క) మాప్‌లిథో, అంటే పుస్తకాలకి వాడే మామూలు తెల్ల కాగితం, చాలు. ఫొటోలన్నీ కలిపి ఒక్క ఫారం ఆర్ట్ పేపరు మీద వేయిస్తే ఖర్చు తగ్గుతుంది, ఫొటోలు తేటగా వస్తాయి.

అసలు తంటా ఫాంటుతో. చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, అను అనే పాత తరహా ఫాంట్లే. మీరు యూనికోడ్‌లో (మన ఫోన్లలో వచ్చే తెలుగు) టైపు చేసి ఇస్తే వాళ్లు మార్చుకుంటారు, ఆ మార్పులో ఒత్తులు ఎగిరిపోతాయి. మా మొదటి ప్రూఫులో (అచ్చుకి ముందు సరిచూసుకోవడానికి ఇచ్చే కాగితాల్లో) "లక్ష్మి" ఉన్న ప్రతిచోటా ఒక ఒత్తు లేదు. వరలక్ష్మీ వ్రతం పేజీ చూసి టెన్షన్ వచ్చేసింది. కాబట్టి మార్చిన తర్వాతే ప్రూఫు చూడండి, ముందు చూసింది లెక్కలోకి రాదు. ఇన్‌డిజైన్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తో చేసేవాళ్లు దొరికితే వాళ్లకే ఇవ్వండి. మండలి, సూరన్న, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి, మ్యాటరుకి మండలి బాగుంటుంది. అక్షరం 14 పాయింట్లకి తగ్గనివ్వకండి, చదివేది అమ్మ వయసువాళ్లు.

ప్రూఫు మీరొక్కరే చూడకండి. సొంత తప్పు సొంత కంటికి కనబడదు. ఒకరు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు కాగితం మీద చూసుకోవడం మంచి పద్ధతి. ణ-న, శ-ష, ళ-ల తేడాలు గట్టిగా చదివితేనే దొరుకుతాయి. పేర్లు, వరసలు చుట్టాల్లో ఒకరికి విడిగా చూపించండి. ప్రెస్సు పని కనీసం నెలన్నర ముందు మొదలెట్టాలి, పెళ్లిళ్ల సీజన్ అయితే రెండు నెలలు. సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది, మీ లెక్క తారీఖు ప్రకారం ఉంటే పదీ ఇరవై రోజులు తేడా పడుతుంది, పంచాంగం చూసుకుని ప్రెస్సువాళ్లకి గడువు చెప్పండి.

ఎన్ని కాపీలంటే, మీరు అనుకున్న సంఖ్యకి యాభై కలపండి. పాలు పోసే ఆవిడ, ఆర్‌ఎంపీ డాక్టరు, డ్వాక్రా గ్రూపువాళ్లు మనకి లెక్కలో గుర్తు రారు, వాళ్లే ముందు అడుగుతారు. చదవలేని పెద్దవాళ్ల కోసం మా చెల్లెలు మొత్తం చదివి రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టింది. విదేశాల్లో ఉన్న పిల్లలకి పీడీఎఫ్.

చివరి మూడు ఖాళీ పేజీల పైన "మీకు గుర్తున్నది ఇక్కడ రాసి మాకు ఫొటో తీసి పంపండి" అని ఒక్క లైను వేశాం. ఇప్పటిదాకా పద్నాలుగు వచ్చాయి. మొదట పంపింది తెనాలి పెద్దావిడ. పెన్సిలుతో, వణికే అక్షరాలతో: "31వ పేజీలో బడి దగ్గర రేగొడియాలు అని వేశావు. అవి కాదు బాబూ, జీళ్లు. డబ్బులు నావి."